పాకెట్ ఇంటికొచ్చింది, బువ్వ బిడ్డ నోటికి రాలేదు

(పూలే, అంబేడ్కర్ జయంతుల సందర్భంగా వాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దంతా ఎండలో పని చేసి, ఇంటికొచ్చి వండిపెట్టి, పిల్లలను చంకనేసుకొని ఈ సభకు వచ్చిన అమ్మలకు ప్రత్యేకంగా వందనాలు. అంబేడ్కర్ గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. విగ్రహానికి దండ వేశాం, నినాదాలిచ్చాం. ఇప్పుడు ఒక బువ్వ గిన్నె గురించి మాట్లాడతాం. అంబేడ్కర్ సభలో బువ్వ గిన్నె ముచ్చటేంది అని ఎవరికైనా అనిపించవచ్చు. 1927లో మహద్ చెరువు నీళ్ళు ఆయన దోసిలి పట్టి తాగింది దేనికి? 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు వచ్చినప్పుడు, కూలి చేసే తల్లికి కాన్పుకు ముందూ తర్వాతా విశ్రాంతి కావాలని, ఆ ఖర్చులో పెద్ద భాగం సర్కారే మోయాలని వాదించింది దేనికి? తాగే నీళ్ళు, తల్లి ఒళ్ళు, బిడ్డ కడుపు ఇవన్నీ రాజకీయమే అని ఆయనకు తెలుసు. కాబట్టి ఈ గిన్నె ముచ్చట ఆయన ముచ్చటే.

మేము బడి పంతుళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా చదివిన మొదటి తరం మేమే. మా నాయనలు ఆసాముల దగ్గర జీతాలున్నారు, మా అమ్మలు కైకిళ్ళకు పోయారు. బడిలో పొద్దున ప్రార్థనకు పిల్లలను నిలబెట్టేటప్పుడు పొట్టివాళ్ళను ముందు, పొడుగువాళ్ళను వెనక నిలబెడతాం. ఏండ్ల తరబడి ఇదే పని చేస్తూ వచ్చాం. ఆ ముందు వరుసలో ఎక్కువమంది ఎవరి పిల్లలు? మన వాడ పిల్లలు, తండా పిల్లలు. ఒకే తరగతి, ఒకే వయసు. అయినా ముందు వరుస మనదే. మొన్నమొన్నటి దాకా మాకు కూడా అది ఆలోచించాల్సిన సంగతిగా తోచలేదు.

ఒకరోజు స్టాఫ్ రూములో తోటి ఉపాధ్యాయుడు ఒకాయన నవ్వుకుంటూ అన్నాడు. "వాళ్ళ జాతే అంత సార్. తల్లిదండ్రులు పొట్టి, పిల్లలు పొట్టి." మాకు ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు మండితే చాలదు, జవాబు కావాలి. ఆ జవాబు కోసం చదివిందీ, వాడలో ఇల్లిల్లూ తిరిగి చూసిందీ కలిపి ఇయ్యాల మీ ముందు పెడుతున్నాం.

మొదటి సంగతి. పొట్టిగా ఉండటం మన జాతి గుణమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పిల్లల ఎదుగుదలకు కొత్త కొలతలు ప్రకటించింది. దానికోసం బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా అనే 6 దేశాల్లో పిల్లలను కొలిచారు. మన దేశంలో కొలిచింది ఢిల్లీ పిల్లలను. తల్లిపాలు సరిగ్గా అందిన, తిండికీ మందుకూ కొదవలేని ఇండ్ల పిల్లలను ఎంచుకున్నారు. తేలింది ఏమిటంటే, ఐదేండ్ల లోపు పిల్లల ఎత్తులో దేశానికీ దేశానికీ తేడా చాలా కొద్ది. నార్వే తెల్ల బిడ్డ, ఘనా నల్ల బిడ్డ, ఢిల్లీ బిడ్డ దాదాపు ఒకే తీరున పెరిగారు. ఆ కొలత ప్రకారం రెండేండ్లు నిండిన మగబిడ్డ సుమారు 87 సెంటీమీటర్లు, ఆడబిడ్డ సుమారు 86 ఉండాలి. అందరూ సరిగ్గా అంతే ఉండరు, కొంచెం అటూ ఇటూ ఉంటారు. కానీ మగబిడ్డ 81 కంటే, ఆడబిడ్డ 79 కంటే తక్కువుంటే ఆ బిడ్డ ఎదుగుదల దెబ్బతిన్నట్టు.

ఇట్లా వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఎంతమంది? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఐదేండ్ల లోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. తెలంగాణలో 2015-16లో ఇది 28. తగ్గాల్సింది పెరిగింది. దేశం మొత్తం మీద చూస్తే షెడ్యూల్డు కులాల పిల్లల్లో నూటికి 39 మంది, రిజర్వేషన్లు లేని కులాల పిల్లల్లో నూటికి 30 మంది. ఈ 9 మంది తేడా రక్తంలో లేదు. గిన్నెలో ఉంది, తాగే నీళ్ళలో ఉంది, కడుపుతో ఉన్న తల్లి మోసే బరువులో ఉంది. ఆ స్టాఫ్ రూము పెద్దమనిషికి ఇదీ మా జవాబు.

రెండో సంగతి. సర్కారు పెట్టే బువ్వతో నిజంగా పిల్లలు పెరుగుతారా? దీనికి రుజువు వెతకడానికి ఎక్కడికో పోనక్కరలేదు, మన హైదరాబాదు పక్కనే ఉంది. అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలై, మెల్లగా ఒక్కో ప్రాంతానికీ విస్తరిస్తూ వచ్చింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు దగ్గరి 29 ఊళ్ళను గమనించింది. 15 ఊళ్ళకు పథకం వచ్చింది, 14 ఊళ్ళకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మక్కజొన్న, సోయా కలిపిన పిండిని సోయా నూనెతో వండిన ఉప్మా. ఆ కాలంలో అంగన్‌వాడీల్లో పెట్టిన పసుపుపచ్చ ఉప్మా ఇక్కడున్న నడివయసువాళ్ళకు యాదికుండే ఉంటుంది. తల్లికి సుమారు 500 కేలరీల తిండి, బిడ్డకు అంతకంటే తక్కువ.

ఆ కాలంలో పుట్టిన పిల్లలు 13 నుంచి 18 ఏండ్లవాళ్ళయ్యాక, 2003-05లో మళ్ళీ పోయి 1,165 మందిని కొలిచారు. ఉప్మా పెట్టిన ఊళ్ళలో పుట్టినవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. నెత్తురులో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ వాళ్ళ ఒంట్లో మెరుగ్గా పనిచేసింది. రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ళు 20-25 ఏండ్ల వయసుకు వచ్చాక మళ్ళీ చూశారు. చదువు ముందుకు సాగినవాళ్ళు, పనిలోనో పై చదువుల్లోనో ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళలోనే ఎక్కువ. ఆ వయసుకే పెళ్ళయిపోయినవాళ్ళు తక్కువ.

14 మిల్లీమీటర్లంటే ఎంత? మన చిటికెన వేలి వెడల్పు. ఇంతేనా అనొద్దు. ఇది ఆ ఊళ్ళలో పుట్టినవాళ్ళ సగటు. రోజూ తిన్నవాళ్ళు, ఎప్పుడో ఒకసారి తిన్నవాళ్ళు, అసలు గిన్నె ముట్టనివాళ్ళు అందరూ అందులో ఉన్నారు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. అవి చీటీలు వేసి ఎంచిన ఊళ్ళు కావు. ఊరికీ ఊరికీ మధ్య వేరే తేడాలు కూడా కొంత పనిచేసి ఉండవచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్తేనే మన మాటకు బలం. అయినా తల్లి కడుపులో ఉన్నప్పుడు మొదలైన గరిటెడు ఉప్మా పదిహేనేండ్ల తర్వాత ఎముకలో, గుండెలో, చదువులో కనబడిందంటే చిన్న సంగతి కాదు. పిల్లలకు చదువు చెప్పే మేము ఈ సంగతి తెలిసినప్పుడు చాలాసేపు మాట్లాడలేకపోయాం. ఎక్కం రాలేదని మేము గద్దించిన పిల్లల్లో ఎంతమంది ఎదుగుదల వాళ్ళు బడికి రాకముందే దెబ్బతిన్నదో కదా!

మూడో సంగతి, ఇదే అసలు సంగతి. బిడ్డ ఎదుగుదల ఏ వయసులో ఆగుతుంది? ఐదేండ్లకు కాదు, బడికి వచ్చాక కాదు. తల్లి కడుపులో కొంత, పుట్టిన ఆరో నెల నుంచి రెండేండ్ల దాకా ఎక్కువగా దెబ్బ తగులుతుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు ఒక్కటే చాలు, నీళ్ళు కూడా అక్కరలేదు. ఆ తర్వాత పాలు ఇస్తూనే బువ్వ మొదలుపెట్టాలి. యేడాది బిడ్డ కడుపు ఎంత? గుప్పెడంత. ఒక పూట నిండుగా పెట్టి మళ్ళీ రాత్రికి చూద్దాం అంటే కుదరదు. రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా, మెత్తగా పిసికి, నూనె చుక్క వేసి, పప్పో గుడ్డో కలిపి పెట్టాలి. పలుచటి గంజి కడుపు నింపుతుంది, ఒళ్ళు నింపదు. ఆ వయసు బిడ్డకు ఒక పూట తినిపించాలంటే అరగంట పడుతుంది. ఒకరు కూర్చోవాలి, ఆడించాలి, మాట్లాడించాలి, ఉమ్మేస్తే మళ్ళీ పెట్టాలి. అంటే బిడ్డకు తిండి ఒక్కటే చాలదు, తినిపించే చేయి కూడా కావాలి.

మరి సర్కారు ఏం చేసింది? 2009లో కేంద్రం ఇచ్చిన ఆదేశాల ప్రకారం మూడు నుంచి ఆరేండ్ల పిల్లలకు కేంద్రంలో వేడి వేడి బువ్వ. ఆరు నెలల నుంచి మూడేండ్ల పిల్లలకు ఇంటికి పాకెట్. ఆ వయసు పిల్లలు రోజూ కేంద్రానికి రాలేరు కాబట్టి పాకెట్ అన్నారు. కారణం ఉంది, కాదనం. కానీ జరిగిందేమిటి? ఎదుగుదల ఆగే వయసు బిడ్డకు పాకెట్ ఇచ్చి ఇంటికి పంపాం. ఎదుగుదల ఆగిపోయాక కేంద్రంలో కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాం. మూడేండ్లు దాటిన పిల్లలకు అన్నం వద్దని మేము అనడం లేదు. ఆకలికి వయసు లేదు. కానీ చిన్నబిడ్డ వంతు ఎవరు చూస్తున్నారు?

ఆ పాకెట్ సంగతి లెక్కల మాస్టారు తీరున చూద్దాం. మన దగ్గర వచ్చే బాలామృతం నెలకు రెండున్నర కిలోలు. రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు లెక్క. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పిండి. 100 గ్రాములు తింటే 400 కేలరీలు పైనే. పిండి మంచిదే. కానీ ఇంట్లో చేయి చాపే పిల్లలు ముగ్గురైతే 25 రోజుల పిండి ఎన్ని రోజులు? ఎనిమిది రోజులు. గుడ్లూ అంతే. వాడలో ఒక అక్కను మేము అడిగాం, చిన్నోడి పిండి చిన్నోడికే పెట్టాలె కదమ్మా అని. ఆమె మా మొహం చూసి అన్నది: "ముగ్గురు చేయి చాపితే ఒక్కనికే ఎట్ల పెట్టాలె సారూ? కడమ ఇద్దరు నా పిల్లలు కారా?"

మా దగ్గర జవాబు లేదు. ఆ తల్లి తప్పు చేసిందా? ఆమె చేసింది న్యాయమే. ఆకలి ముగ్గురికీ ఉంటే ఒక్కరికి సరిపడా ఇచ్చి, మిగతా ఇద్దరి ముందు ఒక్కరికే పెట్టు అనడమే అన్యాయం. అందుకే అధికారులు సభలు పెట్టి "తల్లులకు అవగాహన లేదు" అని ఉపన్యాసాలిస్తుంటే మాకు కోపం వస్తుంది. తల్లికి అవగాహన ఉంది. లేనిది బియ్యం, పప్పు, కూలి, టైము.

ఇది మన వాడ ముచ్చట ఒక్కటే కాదు. 2015లో పరిశోధకులు పేద దేశాల్లో, ధనిక దేశాల్లో చిన్నపిల్లలకు అదనపు తిండి పెట్టిన 32 అధ్యయనాలను ఒకచోట వేసి చూశారు. ఇంటికి ఇచ్చి పంపిన తిండిలో ఆ బిడ్డకు అదనంగా దక్కింది నూటికి 36 వంతులే. కేంద్రాల్లో, పిల్లల సంరక్షణ గృహాల్లో కూర్చోబెట్టి తినిపిస్తే నూటికి 85 వంతులు దక్కింది. ఇంట్లో మిగతావి ఏమయ్యాయి? కొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు తిన్నారు. కొంత ఇంటి బువ్వకు బదులుగా పోయింది. పాకెట్ వచ్చిందిలే అని కుండలో బువ్వ తగ్గింది. లేనివాళ్ళ ఇంట్లో ఇట్లాగే జరుగుతుంది.

అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. మనలాంటి దేశాల్లో ఆ పథకాల వల్ల పిల్లలు ఆరు నెలల్లో సగటున అదనంగా పెరిగింది 120 గ్రాముల బరువు, పావు సెంటీమీటరు చిల్లర ఎత్తు. దీన్ని పట్టుకొని కొందరు పెద్దలు, ఇంత ఖర్చుపెట్టి ఇంతేనా, అంగన్‌వాడీలు దండగ, మూసేయండి అంటారు. వాళ్ళకు మనం చెప్పాల్సిన జవాబు ఇది. వంద రూపాయల కూలి రాసి 36 రూపాయలు చేతిలో పెట్టి, కూలోడు బాగుపడలేదని ఎవరైనా అంటే ఏమంటాం? కడమ కూలి ఏది అని అడుగుతాం. ఇక్కడా అదే అడగాలి. పైగా అదే లెక్కలో రెండేండ్ల లోపు పిల్లలకూ, బాగా పేద పిల్లలకూ ఫలితం ఎక్కువ కనబడింది. అంటే బువ్వ పనిచేస్తుంది. సరైన వయసులో, సరైన చోట, ఆ బిడ్డ నోటికే అందితే పనిచేస్తుంది.

ఇప్పుడు తినిపించే చేయి సంగతికి వద్దాం. పత్తి ఏరే రోజుల్లో మన ఆడవాళ్ళు తెల్లారకముందే ఆటో ఎక్కుతారు. మళ్ళీ వచ్చేది పొద్దుగూకినాక. ఆ పదీ పన్నెండు గంటలు సంటిబిడ్డ ఎవరి దగ్గర? కండ్లు సరిగ్గా కనబడని ముసలవ్వ దగ్గర, లేకపోతే బడి మానేసిన ఎనిమిదేండ్ల అక్క దగ్గర. మా హాజరు పట్టీలు తెరిచి చూడండి, పత్తి రోజుల్లో గైరుహాజరు గీతలు ఏ పేర్ల ఎదురుగా ఉంటాయో. ఒక బిడ్డకు బువ్వ పెట్టే ఏర్పాటు లేక ఇద్దరు పిల్లలు దెబ్బతింటున్నారు. చిన్నోడికి ఎదుగుదల పోతోంది, పెద్దపిల్లకు చదువు పోతోంది. 2005 ఉపాధి హామీ చట్టంలో, పని దగ్గరికి తల్లుల వెంట ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువో వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. ఎన్ని పనుల దగ్గర చూశాం మనం?

ఇక ఊరూ వాడా సంగతి. మేము చిన్నప్పుడు ఊరి నడుమ బాలవాడీకి పోయినవాళ్ళమే. ఉప్మా వడ్డించేటప్పుడు ఊరి పిల్లల పళ్ళెంలో గరిటె ఆనించేవాళ్ళు, మా పళ్ళెంలో పైనుంచి జారవిడిచేవాళ్ళు. కిందపడ్డది ఏరుకొని తిన్నాం. కొన్నాళ్ళకు పోవడం మానేశాం. మా అమ్మ అడిగితే ఉప్మా బాగలేదని చెప్పాం. ఐదేండ్ల పిల్లలకు కూడా అవమానాన్ని దాచుకోవడం తెలుస్తుంది. ఇప్పుడు అంత బాహాటంగా లేదు. కానీ కేంద్రం ఊరి నడుమ ఉంటే, వాడ నుంచి రెండేండ్ల బిడ్డను ఎత్తుకొని రోజూ ఎవరు పోతారు? పాకెట్లు పంచిన రోజు కబురు వాడకు ఎప్పుడు చేరుతుంది? మన ఆడబిడ్డ ఆయాగా వస్తే ఆమె వండింది తినకుండా పిల్లలను మానిపించే ఇండ్లు ఇంకా లేవా? దూరాన్ని గజాలతో కొలిస్తే కొద్దిగానే ఉంటుంది. కులంతో కొలిస్తే చాలా ఉంటుంది.

ఈ సంగతి దేశపు పెద్ద కోర్టుకు కూడా అర్థమైంది. 2001లో ఆహార హక్కు మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ ఏడాది నవంబర్ 28న ప్రతి నివాస ప్రాంతానికీ అంగన్‌వాడీ ఉండాలని కోర్టు చెప్పింది. 2004 అక్టోబర్ 7న, అంగన్‌వాడీ తిండి సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండొద్దని, ఊరి సంఘాలు, మహిళా సంఘాల చేత కొనిపించి వండించడం మేలని చెప్పింది. దళిత, ఆదివాసీ వాడలన్నింటికీ వీలైనంత త్వరగా కేంద్రాలు రావాలన్నది. 2006 డిసెంబర్ 13న ఇంకా గట్టిగా చెప్పింది. కొత్త కేంద్రాలు పెట్టేటప్పుడు ఎస్సీ, ఎస్టీ వాడలకే మొదటి వంతు. ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, జనం అడిగిన మూడు నెలల్లోపు కేంద్రం ఇవ్వాలి. ఆ కేసు తర్వాత ముగిసింది. కానీ 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేండ్ల దాకా ప్రతి బిడ్డకూ దగ్గరి అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా తిండి అని అందులో ఉంది; 2013లో అందులో రాసింది బిడ్డకు రోజుకు 500 కేలరీలు, పోషకాహార లోపం ఉన్న బిడ్డకు 800 కేలరీలు. ఇది దయ కాదు, చట్టం. ఆ చట్టానికి కట్టిన ధర కూడా వినండి. 2017లో కేంద్రం ఒక బిడ్డ తిండికి రోజుకు 8 రూపాయలు, బాగా చిక్కిపోయిన బిడ్డకు 12 రూపాయలు అని ఖరారు చేసింది. మన బిడ్డల ఆకలికి వాళ్ళు కట్టిన ఖరీదు అది.

మరి మనం ఏం చేయాలి? ఉపన్యాసం విని, చప్పట్లు కొట్టి పోతే ఈ సభ దండగ. కార్యకర్తలు కాగితం తీసి రాసుకోండి.

ఒకటి, లెక్క. వాడలో ఆరేండ్ల లోపు పిల్లలందరి పేర్లు, పుట్టిన తేదీలు రాయాలి. రెండేండ్ల లోపు వాళ్ళది వేరే పట్టీ. కడుపుతో ఉన్న అక్కల పేర్లు కూడా. లెక్క మన చేతిలో ఉంటేనే అధికారి నోరు మూతపడుతుంది.

రెండు, తూకం. నెలనెలా బిడ్డను తూయించాలి, కార్డులో చుక్క పెట్టించాలి. ఆ చుక్కల గీత పైకి పోతోందా, అడ్డంగా ఉందా, కిందికి దిగుతోందా అన్నది చూడటానికి డిగ్రీలు అక్కరలేదు. గీత అడ్డంగా పోయిన నెలే మేలుకోవాలి. ఆరు నెలలు దాటి ఐదేండ్ల లోపు ఉన్న బిడ్డ జబ్బ కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, రెండు పాదాలూ వాచినా ఒక్కరోజు కూడా ఆగొద్దు, దవాఖానకు తీసుకుపోవాలి. మంత్రం, తాయెత్తు వద్దు.

మూడు, వాడలోనే పిల్లల పంక్తి. పిండీ, గుడ్లూ ఇంటింటికీ పంచి ఊరుకోకుండా, మూడేండ్ల లోపు పిల్లలను రోజుకు రెండు పూటలైనా ఒకచోట కూర్చోబెట్టి తినిపించే ఏర్పాటు కావాలి. ఇది గాలి మాట కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఫుల్వారీ పేరుతో తల్లులే వంతులు వేసుకొని చిన్నపిల్లలను చూసుకుంటూ వండిపెట్టే కేంద్రాలు నడిపారు. మన ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాలు పోషకాహార కేంద్రాలు నడిపిన అనుభవం ఉంది. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. వంతుకు కూర్చున్న తల్లికి ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలి సర్కారు ఇవ్వాలి. పేద తల్లుల చేత ఉచితంగా చాకిరీ చేయించి దాన్ని సేవ అనడం మనకు వద్దు.

నాలుగు, దరఖాస్తు. వాడకు కేంద్రం లేకపోతే పిల్లల పట్టీ జతచేసి, కోర్టు ఆదేశాల తేదీలు, 2013 చట్టం పేరు రాసి, అందరి సంతకాలు, వేలిముద్రలతో ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు గాలికి చెప్పిన మాట. మూడు నెలలు లెక్కపెట్టి, అందరం కలిసి కలెక్టరాఫీసు మెట్లెక్కుదాం.

ఐదు, గుడ్డును కాపాడుకోవడం. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టనివ్వను అన్నాడు. తినని కులాల పట్టింపు తినే పిల్లల నోటికి తాళం వేసింది. మన రెండు రాష్ట్రాల్లో గుడ్డు వస్తోంది. కుళ్ళిన గుడ్డు, చిన్న గుడ్డు వస్తే తిరిగి పంపండి, కానీ గుడ్డును పోనివ్వొద్దు. ఇంట్లో కూర వండిన రోజు కార్జం ముక్క మెత్తగా నలిపి బిడ్డకు పెట్టండి. మన తిండి నీచమని ఎవరో అన్నారని మన పిల్లల కడుపు మాడ్చుకోవద్దు.

ఆరు, నీళ్ళు. పెట్టిన బువ్వ విరేచనాల్లో పోతే ఒంటికి పట్టేదేమిటి? మోరీ పక్కన నల్లా, పగిలిన పైపు, ఊరికి పొద్దున వాడకు మాపున వచ్చే నీళ్ళు, ఇవన్నీ బిడ్డ ఎదుగుదల సమస్యలే. బిడ్డకు విరేచనాలైనప్పుడు ఓఆర్‌ఎస్ తాగించండి, తల్లిపాలు, బువ్వ మానిపించొద్దు.

చివరి మాట అంగన్‌వాడీ టీచర్లు, ఆయాల గురించి. పాకెట్ రాకపోతే మనం ముందు వాళ్ళ మీద పడతాం. వాళ్ళల్లో ఎంతోమంది మన అక్కచెల్లెళ్ళే. 2023 సెప్టెంబర్‌లో తెలంగాణలో వాళ్ళు సమ్మె చేశారు. 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రలో 42 రోజులు సమ్మె చేశారు. ఒక్క మనిషి చేత రాతపని, ఫోనులో ఫొటోలు, సర్వేలు, వంట, తూకం అన్నీ చేయించుకునే వ్యవస్థను ప్రశ్నించాలి. పంచడంలో కులం చూపిస్తే, తూకంలో మోసం చేస్తే మాత్రం మనవాళ్ళయినా ఊరుకోవద్దు.

సభకు వచ్చేముందు ఆ ముగ్గురు పిల్లల తల్లి దగ్గరికి పోయాం. ఇయ్యాల నీ మాట సభలో చెప్తామమ్మా అన్నాం. "చెప్పుండ్రి. చెప్పి ఊకోకుండ్రి" అన్నది. ఆమె ఇప్పుడు ఇక్కడే, వెనక కూర్చొని ఉంది. చిన్నోడు ఒళ్ళో పడుకున్నాడు. వాడికి ఇంకా రెండేండ్లు నిండలేదు, అంటే ఇంకా టైముంది. ఆ టైము మన చేతిలో కొన్ని నెలలే ఉంది. పట్టీ రాయడం రేపు పొద్దున మొదటి ఇంటి నుంచి మొదలుపెడదాం. నాలుగేండ్ల తర్వాత ఆ పిలగాడు మా బడికి వస్తాడు. ప్రార్థనలో వాణ్ణి ఏ వరుసలో నిలబెట్టాలన్నది ఇప్పుడు ఈ వాడలో తేలాలి.

వాడకొక అంగన్‌వాడీ కావాలి! చిన్నబిడ్డ బువ్వ చిన్నబిడ్డకే దక్కాలి!

జై భీమ్!